తాళం వేయని స్క్రీన్

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పి ఉంటే మన్నించండి. మెల్లగా రాస్తాను, కానీ ఈ కథ మాత్రం మెల్లగా నడిచేది కాదు.

ఐవర్ మోర్గన్‌ను స్విండన్‌లో ఒక కార్ పార్కింగ్ భవనం పై అంతస్తు నుంచి తోసేశారు. పోలీసులు దూకాడని రాసుకున్నారు. దూకడానికి కారణం కూడా వాళ్ళకు సిద్ధంగా దొరికింది. కాలేజీ చదువు మధ్యలో నార్త్‌లే సిస్టమ్స్‌లో ఏడాది ప్లేస్‌మెంట్, అంటే పని శిక్షణ, చేస్తున్న ఆ కుర్రాడు కంపెనీ రహస్యాలు బయటికి అమ్మాడనీ, దొరికిపోతానని భయపడ్డాడనీ కంపెనీ చెప్పింది.

ఆ తర్వాత రెండు నెలలకు, కార్డిఫ్ స్టేషన్ ఎదురుగా ఉన్న టీ దుకాణంలో, బెథన్ ప్రైస్ ముందు ఒక ముసలాయన కూర్చున్నాడు. పేరు ఫెన్విక్. ప్రభుత్వ గూఢచారి సర్వీస్‌లో ఆయన పదవి ఏమిటో ఎవరికీ తెలియదు.

"నువ్వూ కంప్యూటర్లే చదువుతున్నావు. రెండో ఏడు అయిపోయింది. ప్లేస్‌మెంట్ వెతుక్కునే సమయం" అన్నాడు.

"అవును."

"నార్త్‌లేలో ఒక ఖాళీ ఉంది. మీ అన్న ఐవర్‌ది."

బెథన్ కప్పు కింద పెట్టింది. "మా ఇంటిపేర్లు వేరు. మేము అన్నాచెల్లెళ్ళమని మీకెలా తెలుసు?"

"తెలుసుకోవడమే మా పని. అక్కడ వాళ్ళకు తెలియదు, అదే మనకు కావలసింది. దేశంలోని రైలు సిగ్నళ్ళన్నీ నడిపే సాఫ్ట్‌వేర్ ఆ అంతస్తులోనే తయారవుతోంది. దాని తాళాల ఫైలును ఎవడో పరాయి ముఠాకు అమ్మబోతున్నాడు. ఆ ఫైలు చేతికొస్తే ఎర్రలైట్లన్నీ ఒక్కసారిగా పచ్చబడతాయి. మీ అన్న వాడిని కనిపెట్టాడు. పేరు మాకు చెప్పేలోపే పోయాడు."

"వాడు దొరికాక నాకేం ఇస్తారు?"

"ఏం కావాలి?"

"వాడెవడో నలుగురికీ తెలియాలి. ఐవర్ దొంగ కాదని తెలియాలి. మెత్తగా పెన్షన్ ఇచ్చి ఇంటికి పంపేశామంటే మాత్రం ఊరుకోను."

ఫెన్విక్ తల ఊపాడు. "అక్కడ మన మనిషి ఒకరున్నారు. టీలో ముందు పాలా, ముందు నీళ్ళా అని అడిగితే ఏం చెప్పాలో గుర్తుంచుకో: పాలు మా పిల్లికి."

సర్వీస్ ఆమెకు ఒక వేషం ఇచ్చింది: లావుపాటి కళ్ళద్దాలు, వదులు స్వెటర్, ఎవరు పిలిచినా ఉలిక్కిపడే అలవాటు. ఒక టీ మగ్గు కూడా ఇచ్చింది. దాని పిడిలో కెమెరా ఉంది.

సెప్టెంబరులో చేరింది. మొదటి వారం ఆమెకు కుర్చీ ఉంది, కంప్యూటర్ లేదు. రెండో వారం కంప్యూటర్ వచ్చింది, పాస్‌వర్డ్ రాలేదు. మూడో వారం నుంచి అందరి పాస్‌వర్డులూ ఆమే మార్చిపెట్టాల్సి వచ్చింది. మీటింగుల్లో మాట్లాడే ముక్కలు ఒక్కటీ అర్థంకాక, అందరూ తల ఊపినప్పుడు తనూ ఊపేది. టీ వంతు అందరికీ ఉండేది కానీ ప్లేస్‌మెంట్ పిల్లకు రోజూ ఉండేది. ఎవరికి చక్కెర ఎంతో, ఎవరికి పాలు ఎంతో నోటికి వచ్చేశాయి. మగ్గు పట్టుకుని ఏ బల్ల దగ్గరికి వెళ్ళినా ఎవరూ తలెత్తి చూసేవారు కాదు.

చలికాలం వచ్చేసరికి ఆమె రాసిన కోడ్ నిజంగా పనిచెయ్యసాగింది. దానికి ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఎడిన్‌బరో నుంచి వచ్చిన టెస్టర్ డగ్గీ మెక్‌ఫీ, గడ్డం నిండా బిస్కెట్ పొడితో, "ఒసేయ్ పిల్లా, నీ కోడ్‌లో తప్పులు దొరకట్లేదే! నా ఉద్యోగం ఊడగొడతావా ఏం?" అన్నాడు. ఆ రోజు ఇంటికి పోయి ఏడ్చింది. ఇదే బల్ల దగ్గర ఐవర్ కూడా ఇలాగే నవ్వి ఉంటాడు.

ఆ అంతస్తుకు పెద్ద క్లైవ్ రడ్జ్. భద్రత అంతా ఆయన చేతిలోనే. ఉద్యోగుల కార్డులు కీబోర్డు పక్క గాడిలో పెడితేనే కంప్యూటర్ తెరుచుకుంటుంది, లాగితే మూసుకుంటుంది. కార్డు లాగకుండా ఎవరైనా లేచి వెళ్తే, పక్కవాళ్ళు ఆ కంప్యూటర్‌లో కూర్చుని వాళ్ళ పేరు మీదే ఆఫీసంతటికీ మెయిల్ కొడతారు: 'రేపు అందరికీ కేకులు నావే.' మెయిల్ వెళ్ళిందంటే కేకులు తేవాల్సిందే. ఆ ఆచారం పెట్టింది క్లైవే. డగ్గీ లెక్కలేనన్నిసార్లు తెచ్చాడు. బెథన్ మూడుసార్లు తెచ్చింది. క్లైవ్ ఒక్కసారి కూడా తేలేదు.

"అమ్మాయ్, అజాగ్రత్త మనుషులే దొరికిపోతారు" అనేవాడు మెడలోని కార్డు తడుముకుంటూ. "నీకు ముందు వచ్చినవాడు చూడు, పాపం."

ఆ 'పాపం' అన్న మాటకే బెథన్ వాడిని గుర్తుపట్టింది. కానీ రుజువు లేదు. మగ్గు కెమెరాకు వాడి స్క్రీన్ ఎప్పుడూ నల్లగానే దొరికింది.

వసంతంలో హెలెనా వచ్చింది. కంపెనీకి సలహాదారు అన్నారు. ఆకుపచ్చ కోటు, ఎర్రటి పెదవులు, నడిచివస్తే అంతస్తులో సగం మంది టైపింగ్ ఆపేసేవారు. క్లైవ్ ఆమె కోసం తలుపులు తెరిచి పట్టుకునేవాడు. ఒకరోజు వంటగదిలో బెథన్ కెటిల్ పెడుతుంటే హెలెనా వెనక నుంచి అడిగింది:

"టీలో ముందు పాలా, ముందు నీళ్ళా?"

బెథన్ చెయ్యి ఆగింది. "పాలు మా పిల్లికి."

హెలెనా తలుపు మూసింది. "ముఠా నన్ను తన మనిషి అనుకుంటోంది. క్లైవ్ కూడా అదే అనుకుంటున్నాడు. మీ అన్నను తోసింది వాడే. నాతోనే గొప్పగా చెప్పుకున్నాడు. కానీ నా మాట ఒక్కటే రుజువుగా చాలదు."

కెటిల్ మరిగి ఆగిపోయింది.

హెలెనా ఉంగరం రాయిని వేలితో పక్కకు తిప్పింది. లోపల తెల్లటి పొడి. "వాడి కాఫీలో కలిపితే గుండెపోటు అనుకుంటారు. ఫెన్విక్‌కు చెప్పను. ఊఁ అను చాలు."

బెథన్ ఆ పొడి వైపు చాలాసేపు చూసింది. ఊఁ అనాలనే ఉంది.

"వద్దు" అంది చివరికి. "చస్తే పూలు తెస్తారు. మంచివాడని మాట్లాడతారు. వాడు బతకాలి. బతికుండి అందరి ముందూ తల దించుకోవాలి."

"నువ్వు నాకంటే ప్రమాదం పిల్లా" అంటూ హెలెనా ఉంగరం మూసింది.

ఆగస్టులో బెథన్ ఆఖరి రోజు వచ్చింది. ఆ సాయంత్రమే తాళాల ఫైలు రైల్వే వాళ్ళకు అప్పగించి, ఇక్కడ చెరిపేస్తారు. ఫైలు పూర్తయ్యేదీ ఆ రోజే కాబట్టి అమ్మేవాడు అప్పుడే అమ్మాలి. ఫైలు పెద్దది, బయటికి పోవడానికి అరగంట పైనే పడుతుంది. వీడ్కోలు వేడుకకు అంతా ఆమె బల్ల చుట్టూ చేరతారు, మిగతా బల్లలన్నీ ఖాళీగా ఉంటాయి. క్లైవ్ ఆ సమయాన్నే ఎంచుకున్నాడు. ఫెన్విక్ మనుషులు కింద వీధిలో వ్యానులో ఉన్నారు. కానీ ఆ అంతస్తు నుంచి ఫోన్లు పనిచెయ్యవు.

కేకు కోశారు. సంతకాల కార్డు ఇచ్చారు. క్లైవ్ తన మూల నుంచి కదల్లేదు.

"క్లైవ్! స్పీచ్!" అని డగ్గీ బల్ల గుద్దాడు. "మేనేజర్ మాట్లాడకుండా పిల్లను ఎలా పంపుతాం?"

"పనిలో ఉన్నాను. మీరు కానివ్వండి."

"సిగ్గా బాస్? స్పీచ్! స్పీచ్!" అందరూ బల్లలు గుద్దడం మొదలుపెట్టారు.

అక్కడ ఆ మాటకు లేవని మేనేజర్ ఉండడు. క్లైవ్ స్క్రీన్ ఆర్పి, నవ్వు తెచ్చుకుని వచ్చాడు. బెథన్ భుజం మీద చెయ్యి వేశాడు. ఐవర్‌ను తోసిన చెయ్యి. ఆమె కదలకుండా నిలబడింది.

"మన బెథన్ వచ్చిన రోజు ఎలా ఉండేదో గుర్తుందా..." అని అతను మొదలుపెట్టాడు.

ఆమె చూపు అతని మెడ మీద పడింది. తాడు ఉంది. తాడు చివర కార్డు లేదు.

కార్డు లాగితే ఫైలు ఆగిపోతుంది. అందుకే లాగలేదు. స్క్రీన్ ఆర్పితే ఎవరూ పట్టించుకోరనుకున్నాడు. కిందికి పరుగెత్తి చెప్పేలోపు ఫైలు దేశం దాటుతుంది. పైగా వీడ్కోలు ఆమెదే, చుట్టూ జనం, కదిలే వీలు లేదు.

బెథన్ కళ్ళద్దాలు తీసేసింది.

"డగ్గీ!" అని అరిచింది. "క్లైవ్ కార్డు ఏదీ?"

అందరి కళ్ళూ ఆ తాడు చివరకు వెళ్ళాయి. ఆ తర్వాత అంతస్తు అదిరిపోయింది.

"కేకులూ!" డగ్గీ కుర్చీలు తోసుకుంటూ పరుగెత్తాడు. వెనకే ముప్పై మంది.

"ఆగండి! ఎవరూ ముట్టుకోవద్దు! ఇది ఆర్డర్!" క్లైవ్ అరిచేకొద్దీ వాళ్ళకు నవ్వు ఎక్కువైంది. ఇన్నేళ్ళ కేకుల బాకీ మరి.

డగ్గీ కుర్చీలో కూలబడి స్క్రీన్ వెలిగించాడు. టైప్ చెయ్యడానికి ఎత్తిన వేళ్ళు గాల్లోనే ఆగాయి. ఒక పచ్చగీత కుడివైపుకు పాకుతోంది. ఇంకా గోరంత ఖాళీ ఉంది.

"ఇదేంట్రా... సిగ్నల్ తాళాలు. ఎక్కడికి పోతున్నాయివి?"

నవ్వులు ఆగిపోయాయి.

"కార్డు లాగు!" అంది బెథన్.

డగ్గీ లాగాడు. పచ్చగీత ఎర్రబడి చచ్చింది.

క్లైవ్ మెట్ల వైపు పరుగెత్తాడు. తలుపు దగ్గర ఆకుపచ్చ కోటు.

"హెలెనా, కారు తియ్!"

"కారు కిందే ఉంది" అంది ఆమె, చేతిసంచిలోంచి పిస్టల్ తీస్తూ. "నీ సీటే మారింది. వెనక కూర్చోవాలి, మా వాళ్ళిద్దరి మధ్యలో."

బెథన్ నెమ్మదిగా నడిచి వచ్చింది. వెనక అంతస్తంతా నిలబడి చూస్తోంది.

"ఐవర్ మోర్గన్" అంది అందరికీ వినపడేలా. "ఏమీ అమ్మలేదు. నిన్ను పట్టుకున్నాడు. అందుకే తోసేశావు. మా నాన్నలు వేరు. అమ్మ ఒక్కతే."

క్లైవ్ ముఖం పిండిలా తెల్లబడింది. "ఏం కావాలి నీకు? డబ్బా?"

"వెనక్కి తిరుగు. వాళ్ళను చూడు."

అతను తిరగలేదు. హెలెనా పిస్టల్‌తో తిప్పింది. అందరికంటే ముందు డగ్గీ ఉన్నాడు. ఐవర్‌తో రోజూ భోజనం చేసినవాడు. ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ చూస్తూ క్లైవ్ తల దానంతట అదే కిందికి వంగింది. బెథన్ ఆ దృశ్యాన్ని కళ్ళనిండా చూసుకుంది. తొందరపడలేదు.

ఐవర్ నిర్దోషి అనీ, తోసింది క్లైవ్ అనీ పేపర్లలో వచ్చింది. మిగతాదంతా రహస్యం, నోరు మెదపవద్దని ఫెన్విక్ సంతకం తీసుకున్నాడు. కానీ ప్లేస్‌మెంట్ ముగిస్తే కాలేజీకి నివేదిక ఇవ్వాలి. 'ఈ ఏడాది మీరు నేర్చుకున్నది ఏమిటి?' అన్న ప్రశ్న కింద బెథన్ చాలాసేపు ఆలోచించి ఒకే వాక్యం రాసింది: పై అధికారులతో ఎలా వ్యవహరించాలో నేర్చుకున్నాను.

ప్రొఫెసర్ పక్కనే ఎర్రసిరాతో రాశాడు: ఉదాహరణలు లేవు. బొటాబొటీ పాస్.

కొప్పాడ సత్తెమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు, ఇప్పుడు ఉండేది స్విండన్.