కొల్లేటి చెరువులో చందన కారు

చందన కారుకు ప్రాణం పోసిన మనిషి చందన కారు కిందే పడి చచ్చిపోయాడు.

వట్లూరులో, సొంతింటి ముందు, పట్టపగలు. హ్యాండ్‌బ్రేక్ జారి కారు వెనక్కి దొర్లిందన్నారు చుట్టుపక్కలవాళ్ళు. కానీ చనిపోయిన చలపతిరావు ముప్పై ఏళ్ళు తాడేపల్లిగూడెం ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్ షాపు ఫోర్‌మన్. హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే నమ్ముకోకుండా చక్రం వెనక రాయి కూడా పెట్టే రకం. ఆ రోజు రాయి లేదు. ఎవరో తీసి, కాంపౌండ్ గోడ పక్కన నీటుగా పెట్టి మరీ వెళ్ళారు.

ఆ మధ్యాహ్నమే ఏజెంట్ మోయిన్ ఏలూరు పవర్‌పేటలో ఒక సీటు కవర్ల షాపు మెట్లెక్కాడు. కౌంటర్లో ముసలాయన తలెత్తలేదు.

"మొదటి చందనకి హెడ్‌లైట్లు ఎలా ఉండేవండీ?"

"చదరంగా."

"రెండోదానికి?"

"గుండ్రంగా."

"మూడోదానికి?"

"ఏడ్చినట్టు."

కవర్ల దొంతర వెనక తలుపు తెరుచుకుంది. లోపల ఏ.సి. గదిలో చీఫ్ నరసరాజు కూర్చుని ఉన్నాడు.

"చందన హిస్టరీ తెలుసుగా?"

తెలియకేం! మోయిన్ తండ్రి మీరావలి ఆ ఫ్యాక్టరీలో సీట్లు కుట్టినవాడు. ఎనభై ఆరులో మొదటి చందన గూడెం గేటు దాటింది. స్కూటరు మీద నలుగురు వేలాడే సంసారాలన్నీ అందులోకి మారాయి. తొంభై ఎనిమిదిలో ఒళ్ళు గుండ్రపడింది, కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. రెండువేల ఎనిమిదిలో ముందుభాగం మార్చి, ఎయిర్‌బ్యాగ్ పెట్టి, ఆ సాకుతో రేటు పెంచి, కొనే జనానికే అందకుండా చేశారు. తర్వాత జనం కొనడం లేదని ఏడ్చారు. రెండువేల పంతొమ్మిదిలో గేటుకు తాళం పడింది. గూడెంలో వేల కుటుంబాలు వీధిన పడ్డాయి. కారును చంపింది పెద్దలు, తద్దినం పెట్టుకున్నది పనివాళ్ళు.

"కంపెనీ మళ్ళీ తెరుస్తానంటోంది," అన్నాడు నరసరాజు. "ఎలక్ట్రిక్ చందన. పాత బాడీ, కొత్త బ్యాటరీ. కొత్త డైలు చేయించే తాహతు లేదు. పాతవే కావాలి."

డైలంటే రేకును ఒక్క నొక్కుతో తలుపుగానో, బానెట్‌గానో మార్చే ఉక్కు అచ్చులు. అవి లేకపోతే కారే లేదు. మూసేటప్పుడు యాజమాన్యం వాటిని తుక్కు చెయ్యమంది. చలపతిరావుకు చేతులు రాలేదు. వేరే ఇనుము తుక్కుకు పంపేసి, వీటికి గ్రీజు పట్టించి, టార్పాలిన్ చుట్టి, కొల్లేటి పక్క తన బావమరిది చేపల చెరువులో రాత్రికి రాత్రి ముంచేశాడు.

"విదేశీ కార్ల కంపెనీ ముఠా ఒకటి దిగింది. వచ్చే ఏడు వాళ్ళ చిన్న కారు ఇక్కడికి వస్తోంది. చందన తిరిగి లేవకూడదు. డైలు కరిగిస్తే పని అయిపోయినట్టే. చలపతిరావు పోయాక ఆ చెరువు సంగతి తెలిసింది ముగ్గురికే. నాకూ, నీకూ, ప్రసన్నకీ. రేపు పొద్దున అక్కడ చేపల పట్టుబడి. చేపలు పడుతున్నట్టే పట్టి, డైలు పైకి లాగి, మంచు లారీలో గూడెం చేర్చు."

ప్రసన్న పేరు వినగానే మోయిన్ మనసు తేలికపడింది. ఆమె ఆర్నెల్లుగా ఆ చెరువు లీజుదారు వేషంలో గట్టు మీదే కాపురం ఉంటోంది. అంతకుముందు ఇద్దరూ రెండు దేశాల్లో భార్యాభర్తలుగా నటించారు. ఆమె నటించింది. అతనికి ఆ అవసరం రాలేదు.

ఇంటికెళ్ళేసరికి మీరావలి వరండాలో కూర్చుని సూదులకు నూనె రాస్తున్నాడు.

"ఫ్యాక్టరీ తెరుస్తారంట కదరా. నిజమేనా?"

"నిజమే నాన్నా."

"సీట్లు కుట్టడానికి పాతవాళ్ళని పిలుస్తారంటావా?"

"పిలవక ఎక్కడికి పోతారు," అన్నాడు మోయిన్. గూఢచారి వృత్తిలో ఎన్నో అబద్ధాలు ఆడినవాడికి ఈ మాట నిజం కావాలని చచ్చేంత కోరికగా ఉంది.

మర్నాడు పొద్దున్నే మోయిన్ మంచు లారీ డ్రైవరు వేషంలో, మెళ్ళో తువ్వాలుతో చెరువు గట్టు మీద దిగాడు. నీళ్ళు నడుం లోతుకి దించారు. పైన గూడబాతులు బారులు తీరి వెళ్తున్నాయి. వలవాళ్ళ మేస్త్రి వెంకట్రాజు, అతని మనుషులు గట్టున టీ తాగుతున్నారు. ప్రసన్న నేతచీరలో, కాటుక కళ్ళతో ఎదురొచ్చింది. ఏ వేషం వేసినా ఆ కళ్ళకు వేషం వెయ్యడం ఎవరి వల్లా కాదు.

"రండి మోయిన్ గారూ. పొక్లెయిన్ దారిలో ఉంది. నేను వెళ్ళి తీసుకొస్తాను, ఈలోగా మీరు మనుషుల్ని దించండి."

మోయిన్ చెరువు వైపు చూశాడు. మధ్యలో, డైలు మునిగిన చోట, వెదురు గెడలకు నాలుగు మేత సంచులు నిండుగా వేలాడుతున్నాయి.

"మేత ఎవరు కట్టమన్నారండీ?"

"నేనే కట్టించాను. పాపం, ఆఖరి రోజు కదా."

 కొల్లేట్లో పట్టుబడికి ముందురోజే మేత ఆపేస్తారు. కడుపు నిండిన చేప మంచులో కూడా దారిలోనే కుళ్ళిపోతుంది. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, ఎవరూ అడగరు. ఆర్నెల్లలో ఆమె యాస నేర్చింది, నడక నేర్చింది, బేరం కూడా నేర్చింది. ఇది మాత్రం నేర్వలేదు. పైగా ఆ సంచుల చిల్లుల్లోంచి తవుడు కారడం లేదు. ఒక్క చేపా మూతి పెట్టడం లేదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చేపలు పట్టించాయి.

"వెంకట్రాజు గారూ, ఎవర్నీ దిగనివ్వకండి!" అని అరిచి మోయిన్ నీళ్ళలోకి దూకాడు. బురద కాళ్ళను పీకుతోంది. మొదటి సంచిని వాచీలోంచి తీసిన బ్లేడుతో చీల్చాడు. పైన గుప్పెడు తవుడు, కింద ఉక్కును మైనంలా కరిగించే థర్మైట్, దాని మధ్య టైమరు. అంకెలు ఇరవై దాటి కిందికి దిగుతున్నాయి.

"పక్కకి రండి మోయిన్ గారూ." గట్టు మీద ప్రసన్న చేతిలో చిన్న పిస్టల్ ఉంది. "మిమ్మల్ని కాల్చడం నాకు ఇష్టం లేదండీ."

"చలపతిరావు గారిని చంపడం మాత్రం ఇష్టమేనా?"

ఆమె గురి సరిచేసుకునేలోపు వెంకట్రాజు చేతిలోని విసురువల గాలిలో విచ్చుకుని ఆమె మీద పడింది. పిస్టల్ ఆకాశంలోకి పేలింది. మోయిన్ టైమరు నుంచి నాలుగు సంచులకీ పోయే తీగ కోసం తాడు వెంబడి తడిమాడు. ఐదు. నాలుగు. మూడు. తీగ దొరికింది, బ్లేడు జారింది, మళ్ళీ పెట్టి కోశాడు.

టైమరు ఒకటి దగ్గర ఆగింది. గూఢచారుల జాతకమే అంత, మూడు దగ్గర ఎప్పుడూ ఆగదు.

వలలో కూర్చున్న ప్రసన్న చీరకంటిన బురద దులుపుకుంది. "ఎవరి కోసం మోయిన్ గారూ ఇదంతా? మీ పెద్దల్ని మీరింకా నమ్ముతున్నారా?"

మోయిన్ గట్టెక్కి వల తాడు బిగించాడు. ఆమెను ప్రేమించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. సాయంత్రానికి డైలు గూడెం చేరాయి. టార్పాలిన్ విప్పితే గ్రీజు కింద ఉక్కు చెక్కు చెదరకుండా మెరిసింది. కొడుకు ఫోన్ చేస్తే మీరావలి సూదుల డబ్బా సంచిలో సర్దుకున్నాడు.

వారం తిరక్కుండా సీటు కవర్ల షాపు నుంచి పిలుపొచ్చింది. నరసరాజు బల్ల మీద ఒక పేపరు ఉంది. చందన కంపెనీ, ఆ విదేశీ కంపెనీ చేతులు కలిపిన ఫొటో. ఇకపై గూడెం ఫ్యాక్టరీ వాళ్ళ కార్లు దించుకునే గోడౌన్ అట. ఫొటోలో రెండో వరసలో, నల్లకళ్ళద్దాలతో, సలహాదారు ప్రసన్న.

"కేసు?"

"పై నుంచి ఫోనొచ్చింది. కేసు లేదు."

"చలపతిరావు గారు?"

"హ్యాండ్‌బ్రేక్ జారింది."

"డైలు?"

"సోమవారం తుక్కుకి టెండరు." నరసరాజు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "దేశం సొత్తు బాంబుతో పోకూడదయ్యా. పద్ధతిగా పోవాలి. నీకు మెడల్‌కి రాశాను."

కంచే చేను మేస్తే కాపలావాడికి మెడల్ ఇస్తారన్నమాట. మోయిన్ లేచాడు. బల్ల మీది పేపరు మడిచి చీఫ్ చేతిలో పెట్టాడు.

"మా నాన్న గూడెం వెళ్ళడానికి రైలు పాసు తీయించుకున్నారండి. మీరొకసారి ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పండి. నాకు బాంబులు తియ్యడం వరకే ట్రైనింగ్ ఇచ్చారు."