నలభై మూడు శాతం దగ్గర

గంగారం పంచాయతీ ఆఫీసు ముందు ఆటో దిగిన భిక్షపతి నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. మెడ మీద సూది గాటు, చుట్టూ నీలం మచ్చ.

చీరల వ్యాపారి వేషంలో ఎదురుచూస్తున్న ఏజెంట్ ఆమెర్ పరుగెత్తాడు.

"మానుకోట బస్టాండ్ల... గుచ్చిండ్రన్నా."

భిక్షపతి గుప్పిట్లోని మ్యూజిక్ ప్లేయర్ ఆమెర్ చేతికి మారింది. ఊపిరి ఆగింది. ఆమెర్ మూటలోంచి ఓ చీర తీసి అతని మీద కప్పాడు.

ఫోన్‌లో చీఫ్. "అది జనగామ నుంచి కహ్కషాన్ భిక్షపతితో పంపింది."

బ్యూటీ పార్లర్ నడిపే ఆ అందగత్తె రెండేళ్లుగా విదేశీ ముఠాలో మన మనిషి. ఆమె ఫోన్ ముఠా లాక్కుంది.

"భూపాలపల్లి గని కార్మికుల బస్సులు నలభై. ఒకదాంట్లో బాంబు. మూడింటికి రిమోట్ నొక్కుతారు. అన్నీ ఆపితే ముందే నొక్కేస్తారు. రిమోట్ సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ మన దగ్గర ఒక్కటే. ఏ బస్సో ఆమె రికార్డు చేసింది. విను."

"ప్లేయర్‌లో కొత్త ఫర్మ్‌వేర్, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్, వేస్తేనే ఆ ఫైల్ తెరుచుకుంటుంది సార్. అప్‌డేటర్ విండోస్‌లోనే నడుస్తుంది. నాది లినక్స్ లాప్‌టాప్."

"పంచాయతీ కంప్యూటర్?"

"కరెంట్ లేదు."

ఒంటి గంటా పది. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే 'వైన్' తెరిచాడు. అప్‌డేటర్ వచ్చింది. ప్లేయర్ కనబడలేదంది. కేబుల్ పీకి మళ్లీ గుచ్చాడు. అదే మాట.

వర్చువల్ మెషిన్‌లో, అంటే లినక్స్ లోపలే, ఓ విండోస్‌ను లేపాడు. అది లేవడానికే పావుగంట. ఈసారి ప్లేయర్ కనబడింది. పది శాతం... ముప్పై... నలభై మూడు. ప్లేయర్ మాయం! మళ్లీ మొదలుపెట్టాడు. నలభై మూడు. మాయం.

రెండున్నర. బ్యాటరీ తొమ్మిది శాతం. నడుముకు పిస్తోలుంది, చెప్పు మడమలో ట్రాన్స్‌మీటర్ ఉంది. ఏదీ పనికిరాదు.

"నాతోని కాదక్కా," అన్నాడు, పక్కనే నిలబడ్డ పంచాయతీ కంప్యూటర్ ఆపరేటర్ కళావతితో.

ఆమె స్క్రీన్ మీదికి వంగింది. "జర ఆగుర్రి అన్నా. ముందల ప్లేయర్ అని ఉండె. ఆగంగనే రికవరీ అని వేరే పేరు వస్తున్నది. మీరు లోపలికి రానిచ్చేది పాత పేరునే గదా?"

నిజమే! నలభై మూడు దగ్గర ప్లేయర్ ఆఫ్ అయి, మరో పేరుతో లేస్తోంది. ఆ పేరు తెలియని వర్చువల్ విండోస్ దాన్ని బయటే వదిలేస్తోంది. కొత్త పేరునూ లోపలికి రానిచ్చే జాబితాలో చేర్చి నొక్కాడు.

నలభై మూడు. ఆగింది.

నలభై నాలుగు.

రెండు యాభై నాలుగుకు ఇయర్‌ఫోన్‌లో కహ్కషాన్ గొంతు: "పదిహేడో నంబర్ బస్సు. వెనక సీటు కింద. నన్ను గూడ అండ్లనే ఎక్కిస్తరంట."

ఆమెర్ ఫోన్‌లో నంబర్ అరిచాడు. ఇక వినడం తప్ప చేయగలిగిందేమీ లేదు. హారన్లు. అరుపులు. "బస్సులో జామర్ పెట్టేశాం" అని ఎవరిదో గొంతు.

రెండు యాభై తొమ్మిదికి గని గేటు దగ్గర ముఠా మనిషి రిమోట్ నొక్కాడు. పేలలేదు. రెండోసారి నొక్కబోతుంటే మనవాళ్లు చెయ్యి విరిచి పట్టుకున్నారు.

కాసేపటికి అదే ఫోన్‌లో, బస్సులోంచి బయటపడ్డ కహ్కషాన్. "ఆమెర్ భాయ్, రెండు నిమిషాల ముచ్చట ఇనడానికి రెండు గంటలా?"

"విండోస్ లేకుండె."

"గిదేం బహానా?" ఆ సాకుకు నవ్విందామె.