నడుము దగ్గర పిడికిలి

"ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టారు?"

నాగిసా నాతో అన్న మొదటి మాట ఇది. ఒకినావాలో, నాహా కుమ్మరి వీధిలోని వాళ్ల తాతగారి కరాటే శాలలో, ఇరవైమంది ముందు అడిగింది.

"చెంప దగ్గర," అన్నాను.

"కుడిచేత్తో గుద్దినప్పుడు ఎడమ చెయ్యి నడుము దగ్గరికి రావాలి."

"వస్తే నా మొహాన్ని ఎవరు కాస్తారు?"

ఎదుటివాడితో తలపడే స్పారింగ్‌లో నేను రెండుసార్లు ఊరి ఛాంపియన్ని. పొద్దున రేవులో ఫెర్రీలకు తాళ్లు కడతాను, సాయంత్రం గుద్దులాడతాను. ఒంటరిగా వరుసగా చేసి చూపించే కతాలో మాత్రం, నల్ల బెల్టులో మూడో మెట్టైన మూడో డాన్ పరీక్ష తప్పాను. అది నేర్చుకోవడానికే అక్కడికి వెళ్లాను. నేర్పేది నాగిసా.

"నడుము దగ్గరున్నది ఖాళీ చెయ్యి అనుకుంటున్నారా? నన్ను గుద్దండి," అంది.

మెల్లగానే గుద్దాను. నా మణికట్టు పట్టి తన నడుముకేసి లాగింది. నేను తూలి ముందుకు పడబోయాను. ఆమె రెండో పిడికిలి నా ముక్కుకు గోరంత దూరంలో ఆగింది.

"ఇప్పుడు చెప్పండి. మీ మొహాన్ని ఎవరు కాస్తున్నారు?"

"మీరే."

అందరూ పకపకా నవ్వారు. నాగిసా చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నుంచి నేను ఒక్క క్లాసూ మానలేదు.

నెల తిరిగేసరికి మేం 'నువ్వు'లోకి దిగాం. ఒకరోజు ఆమె తాతగారు చినెన్ గారు నన్ను పిలిచి మల్లెపూల టీ పోశారు.

"షుంస్కే, మా పిల్ల అదే పరీక్ష స్పారింగ్‌లో రెండుసార్లు తప్పింది. నాకు ఎనభై ఒకటి. ఈసారీ డాన్ రాకపోతే శాల దానికి అప్పగించలేను, మూసేస్తాను. దానికి ఈ మాట చెప్పాను, ఏడవలేదు. అదే నాకు భయంగా ఉంది."

మర్నాడు ఆమెతో స్పారింగ్ చేశాను. గుద్దిన ప్రతిసారీ ఆమె రెండో చెయ్యి నడుముకు పరిగెత్తింది. పదిహేనేళ్ల అలవాటు. మూడుసార్లు ఆమె చెంప తాకి వచ్చాను.

"మొదటి రోజు నన్ను పట్టి లాగావు కదా, అందుకు నడుము కావాలి. స్పారింగ్‌లో ఎవడూ చెయ్యి నీకు అప్పగించి నిలబడడు. పట్టు దొరకనప్పుడు ఆ చేతికి అక్కడ పనేముంది?"

ఆమె పిడికిలిని నడుము నుంచి చెంపకి జరిపి చూసుకుంది. "పట్టు దొరికితే నడుముకి, లేకపోతే చెంపకి. అంతేనా?"

"అంతే."

"ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదేం?"

"నిన్ను గుద్దడానికి అందరికీ భయం."

ఆమె చెంపకీ పిడికిలికీ మధ్య చేతిరుమాలు పెట్టి, అది జారకుండా రెండో చేత్తో గుద్దమన్నాను. వారం దాకా జారుతూనే ఉంది.

"చెయ్యి చూడమంటే మొహం చూస్తావేం?"

"చెయ్యి ఉండాల్సింది మొహం పక్కనేగా."

"కళ్లు మూసుకుని నేర్పు."

అక్టోబరులో పరీక్ష. బయట వాన. నా కతా గట్టెక్కింది. స్పారింగ్‌లో నాగిసాకు ఎదురుగా ఇతోమన్ ఊరి నుంచి వచ్చిన పొడుగాటి పోలీసమ్మాయి నిలబడింది. మొదటి గుద్దుకే నాగిసా చెయ్యి కిందికి జారింది, పెదవి చిట్లింది. నేను కూర్చున్న బల్ల అంచును పట్టుకున్నాను. రెండోసారి చెయ్యి చెంపనే నిలిచింది, వచ్చిన దెబ్బ దాని మీదే ఆగింది. ఆ వెంటనే ఆమె గుద్ది పాయింటు తీసుకుంది. ఆ తర్వాత ఒక్క దెబ్బా తినలేదు. ఇద్దరం పాసయ్యాం.

వసారాలో పెదవికి ఐసు పెట్టుకుని కూర్చుంది.

"నీకు డాన్ వచ్చేసింది. ఇంక మా శాలకు రావక్కర్లేదుగా," అంది వాన వైపు చూస్తూ.

"అక్కర్లేదు. అయినా వస్తాను. నువ్వంటే నాకు ఇష్టం, నాగిసా."

ఐసు తీసేసింది. "నాకూ ఇష్టమే. కాస్త ఆగి చెప్పి ఉంటే నవ్వగలిగేదాన్ని. పెదవి మండుతోంది."

వెనక దగ్గు వినిపించింది. చినెన్ గారు.

"ఆదివారం మీ అమ్మానాన్నల్ని భోజనానికి తీసుకురా. పంది పక్కటెముకలు నాలుగు గంటలు ఉడకాలి. ఎంతమందో ముందే చెప్పు."

"మా ఇంట్లో నలుగురం," అన్నాను.

"వాళ్ల కోసం అయిదుగురికి వండండి తాతయ్యా," అంది నాగిసా. "ఇతను ఇద్దరి తిండి తింటాడు."