మెడలో వేసుకుంటేనే కరకర

ఆమె గిటారును మా బల్ల మీద పెట్టిన తీరు చూస్తే, దారి తప్పిన పిల్లాణ్ణి పోలీసులకు అప్పగించడానికి వచ్చినట్టుంది.

"మీరు బాగుచేశానని చెప్పి ఇచ్చిందే ఇది. మళ్ళీ అరుస్తోంది."

"ఎలా అరుస్తోందండీ?"

"కర్, కర్, కర్. ఎండుటాకుల మీద ఎవరో పరిగెత్తినట్టు."

అది మా మావయ్య దుకాణం. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు ఆయన చూసుకుంటాడు. పాటతో సంబంధం ఉన్న సామానంతా నా వంతు. నాకు డిగ్రీ ఉంది. దానికి రెండింతలు పొగరు కూడా ఉండేది.

బేస్ గిటారుకి నాలుగే తీగలు. స్పీకరుకి కేబుల్ కలిపి, అన్నిటికన్నా లావుపాటి దాన్ని వేలితో మీటాను. పాడుబడ్డ బావిలో బండరాయి పడ్డట్టు ధుమ్మంది. కేబుల్ గుచ్చే చోటు, అదే జాకు, దాన్ని కదిపాను. మళ్ళీ ధుమ్మే. కరకర లేదు, బరబర లేదు. నోట్లో వేలు పెట్టినా కొరకనంత బుద్ధిగా పడుకునుంది.

"విన్నారుగా, ఏమీ లేదు."

"మీ దగ్గర అంతే. మా ఇంటికి రాగానే మొదలుపెడుతుంది వేషాలు."

"వస్తువుదేముందండీ? వాడే చేతిని బట్టి ఉంటుంది," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. నా నోరు అప్పుడప్పుడు నన్ను అడక్కుండానే పనిచేస్తుంది.

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "అంటే కేబుల్ గుచ్చడం కూడా నాకు చేతకాదంటారు."

"అబ్బే, అలా కాదు..."

"గుచ్చడం నాకు బాగా వచ్చు. ఒక సూది ఇచ్చి చూడండి."

అవతల మావయ్య విప్పదీసిన మిక్సీలో తల దూర్చి నవ్వుకుంటున్నాడు. ఇంతలో వీధిలో బైకు ఆగి హారన్ కొట్టింది. దాని మీద జులపాలవాడొకడు. "ఏయ్, ఇంకా ఎంతసేపే?" అని కేకేశాడు. "అరవకురా, వస్తున్నా," అందామె. 'ఏయ్' అని వాడు, 'రా' అని ఈమె. అంత చనువు ఎవరి మధ్య ఉంటుందో లెక్కవేసుకోవడానికి నా డిగ్రీ అక్కర్లేదు. అక్కడికక్కడే నా గుండె జారి, చెప్పుల దగ్గర పడింది.

బైకు వెళ్ళిపోయాక మావయ్య తల పైకెత్తాడు. "ఏంరా, మొహం మాడిపోయిన మోటారులా పెట్టావు?"

"ఏం లేదు మావయ్యా, వేడి."

"ఆ వేడి ఎక్కడిదో నాకు తెలీదేంట్రా! ఆ గిటారు ఈసారి వస్తే నన్ను చూడనివ్వు."

"నీకెందుకు? అది నా డిపార్ట్‌మెంటు."

"డిపార్ట్‌మెంటట," అని మళ్ళీ మిక్సీలోకి దిగిపోయాడు.

అది మళ్ళీ వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు కావలసిందీ అదే. గిటారు రావాలి, ఆమె రావాలి. అయితే 'బాగయ్యింది' అనిపించుకోవాలి కూడా. ఈ రెండూ ఒకేసారి కుదరవన్న తెలివి నాకు లేదు. జాకులో పట్టు సడలిన స్ప్రింగును వంచి బిగించాను. పైన నట్టు తిప్పాను. తుప్పు వదిలే మందు చల్లి తుడిచాను. ఏ పాపం ఎరుగని వాల్యూమ్ బిరడాను కూడా పీకి కొత్తది వేశాను. ప్రతిసారీ బల్ల మీద అది మహా నిశ్శబ్దం. ప్రతిసారీ ఇంటికెళ్ళగానే కరకర. డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం తగ్గే పిల్లల్ని చూశాం గానీ గిటార్లని చూడలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది గానీ కేకలేమీ వెయ్యలేదు. గిటారును మెల్లగా పెట్టి, స్టూలు మీద కూర్చుంది. దాంతో నాకు నిజంగా భయం వేసింది.

"రేపే మా ప్రోగ్రాం. నన్ను పక్కన కూర్చోమన్నాడు," అంది.

"ఎవరు?"

"డ్రమ్స్ వాయించేవాడు. బ్యాండుకి లీడరు కూడా వాడే. కరకర నీ చేతిలోనే ఉంది, గిటారులో లేదు అంటున్నాడు. కీబోర్డు అతను ఎడం చేత్తో బేస్ కూడా లాగించేస్తాడట. ఇక నేనెందుకు?" తీగ మీద వేలు పెట్టి మీటకుండానే తీసేసింది. "నాకూ అనుమానం వచ్చేసిందండీ. నిజంగా నా చేతిలోనే ఉందేమో."

వాడే చేతిని బట్టి ఉంటుందని మొట్టమొదట అన్న మహానుభావుణ్ణి నేను. ఎక్కడ దూరాలో తెలియక స్క్రూల డబ్బాలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఒక్కటడుగుతాను. మీరెప్పుడూ దీన్ని పడుకోబెట్టే వింటారు కదా? నేను మెడలో వేసుకుని వాయిస్తాను. మా ఇంటికొచ్చి వినండి, అప్పుడు తెలుస్తుంది."

ఇన్ని రోజులూ నాకా ఆలోచన ఎందుకు రాలేదంటే, కారణం సిగ్గుచేటు. నాకు గిటారు వాయించడం రాదు. మెడలో వేసుకుంటే ఎవరైనా ఏదీ, ఒక పాట కానివ్వమంటారేమోనని భయం. అందుకే రోగిని మంచం దింపకుండానే వైద్యం చేస్తూ వచ్చాను.

పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెంట వెళ్ళాను. "టంకం కడ్డీ పెట్టుకున్నావా, గుండె ఒక్కటే తీసుకెళ్తున్నావా?" అని మావయ్య వెనక నుంచి వీధంతా వినబడేలా అరిచాడు. ఆమె వినలేదని నమ్ముతూ నడిచాను. ఆమె భుజాలు కాస్త కదిలాయి.

వాళ్ళింటి పక్కన రేకుల షెడ్డు. ఒకప్పుడు కారుండేదట, ఇప్పుడు డ్రమ్ములు. వాటి వెనకాల ఆ జులపాలవాడు. నేను మర్యాదగా తల పంకించాను. లోపల మాత్రం వాడి జుట్టు ఊడిపోవాలని కోరుకున్నాను.

అప్పుడే ఇంట్లోంచి ఆమె తల్లి కాఫీ గ్లాసులతో వచ్చింది. "మీ అన్నాచెల్లెళ్ళ గోలతో గోడలు బీటలు వారుతున్నాయి. బాబూ, నువ్వేనా డాక్టరువి?"

అన్నాచెల్లెళ్ళు!

గ్లాసు అందుకోబోయి గాలిని పట్టుకున్నాను. కాఫీ నా చొక్కా మీద పడింది. కాలింది. ఆనందంగా కాలింది.

"ఏమైంది బాబూ?"

"ఏం లేదండీ. మంచి కాఫీ."

"నువ్వింకా తాగందే!"

జులపాలవాడు, అంటే అన్నగారు, అప్పటికప్పుడు నా కంటికి ఎంతో అందగాడిలా కనిపించాడు. ఆ జుట్టు కూడా పర్వాలేదనిపించింది.

సరిగ్గా ఆమె గిటారు మెడలో వేసుకునే వేళకు వాన మొదలైంది. రేకుల మీద వాన, ఏది చినుకో ఏది కరకరో తెలియదు. ఆగేదాకా కూర్చోవలసిందే. ఆ వానకి నేను ఇప్పటికీ బాకీ.

"మీరేం పాటలు వాయిస్తారు?" అంది.

"నేనా? నేను బాగుచేస్తాను."

"అసలు రాదా?"

"ఒక్క తీగ వచ్చు. లావుది."

ఆమె నవ్వింది. వాన చప్పుడులో నవ్వు వినబడలేదు గానీ కనబడింది. అది చాలు, రాత్రికి తిండి అక్కర్లేదనుకున్నాను. అన్నగారు మాత్రం డ్రమ్ము అంచు మీద పుల్లతో టకటకలాడిస్తూ నన్నే చూస్తున్నాడు.

వాన వెలిసింది. వాళ్ళు మొదలుపెట్టారు. కాసేపు శుభ్రంగా సాగింది. ఆమె ఎడమకి తిరిగి అన్నని ఉరిమి చూసింది. కర్ర్! మళ్ళీ నేరుగా నిలబడింది, పోయింది. మళ్ళీ ఎడమకి తిరిగింది. కర్ర్!

"మీరు అటు తిరక్కండి," అన్నాను.

"తిరక్కపోతే వీడు తాళం వదిలేసి పరుగు లంకించుకుంటాడు. పాట అయిపోయినా వీడు ఆగడు."

"నేనా పరిగెత్తేది? నువ్వు నిద్రపోతున్నావు!" అన్నాడు అన్న.

"ఒకసారి నాకివ్వండి," అన్నాను.

ఇక తప్పదు. గిటారు మెడలో వేసుకున్నాను. పట్టీ ఆమె ఎత్తుకి ఉంది, గిటారు నా ఛాతీ మీదికి వచ్చింది. నాకొచ్చిన ఒకే ఒక్క తీగను మీటుతూ ఎడమకి తిరిగాను. కర్ర్. కుడికి తిరిగాను. లేదు. ఎడమకి. కర్ర్. నాలో ఉత్సాహం పొంగింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి, నడుము కూడా కలిపి తిప్పాను. ఖాళీ గ్లాసులకోసం వచ్చిన తల్లి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏంటే, ఇతను కూడా బ్యాండులో చేరాడా?"

"లేదమ్మా, వైద్యం," అంది ఆమె, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

విషయం అర్థమైంది. నిలబడితే కేబుల్ బరువంతా జాకు మీద వేలాడుతుంది. ఎడమకి తిరిగితే ఆ కేబుల్ జాకును లాగుతుంది. కానీ లాగినంత మాత్రాన అరవాలనేముంది? కూర్చుని జాకు రేకు విప్పాను.

లోపల నల్ల వైరు బట్టలారేసే తీగలా బిగుసుకుని ఉంది. జాకు రవ్వంత కదిలినా దాన్ని లాగుతుంది, చివర టంకం దగ్గర సన్నటి పగులు. పడుకోబెడితే పగులు మూసుకుంటుంది, నిలబెడితే తెరుచుకుంటుంది.

ఆ వైరు ఎవరు అంత పొట్టిగా కత్తిరించారు? ఇంకెవరు, నేనే. మొదటిసారి గిటారు వచ్చినప్పుడు, లోపల వైర్లు చిందరవందరగా ఉన్నాయని, ఆమె చూస్తే ముచ్చటపడుతుందని, అందంగా కురచ చేశాను. ఆమె చూడనేలేదు. రేకు వెనక ఎవరు చూస్తారు?

గుట్టుచప్పుడు కాకుండా కొత్త వైరు వేసి, పెద్ద రోగం కనిపెట్టినట్టు మొహం పెట్టే దారి కూడా ఉంది. ఒక క్షణం ఆ దారి నన్ను చేయి పట్టి లాగింది. తలెత్తాను. ఆమె తన వేళ్ళనే చూసుకుంటోంది, వాటిలో ఏదో లోపమున్నట్టు.

"మీ చేతిలో ఏమీ లేదండీ. తప్పు నాది," అన్నాను. "అందం కోసం వైరు కురచ చేశాను. అదే కరకర."

ఆమె తన వేళ్ళ మీంచి చూపు తిప్పి నన్ను చూసింది.

"అందం కోసమా?" అంది.

"మీరు చూస్తారనుకున్నాను."

అన్నగారు పుల్లలు ఆడించడం ఆపాడు. "అంటే ఇన్ని రోజులూ నేను మా చెల్లెల్ని ఊరికే తిట్టానన్నమాట."

"అవును," అంది చెల్లెలు. "ఆ సంగతి వేరే మాట్లాడుకుందాంరా."

టార్చి ఆమె పట్టుకుంది. వెలుగు అస్సలు వణకలేదు. వైరుకి కాస్త పొడవు వదిలి టంకం పెట్టాను. నట్టు బిగించాను. కేబుల్‌ని ముందు పట్టీలోంచి దూర్చి ఆ తర్వాత జాకులో పెట్టుకోమన్నాను, లాగినా పట్టీ మీదే పడుతుందని. ఆమె వేసుకుని ఎడమకి తిరిగింది. ధుమ్. ఇంకాస్త విసురుగా. ధుమ్. అన్నని కసితీరా చూసింది. ధుమ్, ధుమ్.

"రేపు నువ్వే వాయిస్తున్నావు," అన్నాడు అన్న.

గెలిచిన ముఖంతో నావైపు తిరిగింది. "ఇక మీ దుకాణానికి రావలసిన పని లేదన్నమాట."

నేను సంచి సర్దుకుంటూ, స్క్రూ డ్రైవర్‌తో చెప్పినట్టు చెప్పాను: "రిపేరు లేకపోయినా రావచ్చు. నాకు... నాకు మీరంటే ఇష్టం. కాఫీ కాలినప్పుడే ఖాయమైంది."

అన్నగారి పుల్ల ఒకటి జారి డ్రమ్ముల పక్కనున్న ఇత్తడి పళ్ళెం మీద ఝణ్ మని పడింది.

"రేపు ప్రోగ్రాంకి రండి. అప్పుడు చెప్తా," అంది ఆమె.

ఆ రాత్రి నేను నిద్రపోయానని చెప్తే మావయ్య కూడా నమ్మడు.

మర్నాడు హాల్లో జనం కిటకిటలాడారు. ఏమైనా తేడా వస్తే ఎగబాకి ఎక్కుదామని, సంచి పట్టుకుని వేదిక కుడి పక్క మెట్ల దగ్గర నిలబడ్డాను. పాట మొదలైంది. ఆమె ఎడమకి తిరుగుతూ అన్నని అదుపులో పెడుతోంది. ఒక్క కర్ర్ లేదు. నా పని అయిపోయింది, ఇంటికి పోవచ్చు. కాళ్ళు మాత్రం కదలలేదు.

మూడో పాట మధ్యలో ఆమె కుడికి తిరిగింది. అటు డ్రమ్ములు లేవు, కీబోర్డూ లేదు. తిరిగి, నవ్వింది.

ఎవరిని చూసి నవ్వుతోందా అని నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక ఉన్నది గోడ.

మళ్ళీ ముందుకు తిరిగేసరికి ఆమె నవ్వు ఆపుకోలేక ఒక స్వరం వదిలేసింది. అదను దొరికిన అన్నగారు పరుగు లంకించుకున్నాడు. పాట రెండు దారులు పట్టింది. జనం మాత్రం అది కూడా పాటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

దిగి వచ్చాక అడిగింది: "నేను చూస్తే వెనక్కి తిరుగుతారేంటి?"

"ఎవరున్నారో అని."

"ఎవరున్నారు?"

"గోడ."

"గోడకైతే జవాబు చెప్పేశాను," అంది. "మీకు మళ్ళీ చెప్పాలా?"

వెనకనుంచి డ్రమ్ములు మోసుకొస్తున్న అన్నగారు ఒకటి నా చేతుల్లో పడేశాడు. "ముందు ఇది పట్టుకో బావా. బరువు కాస్త నువ్వు కూడా మొయ్యి."