రేగుంట తీర్మానం

2009 జూన్. భీము శవం సిరోంచ దగ్గర ప్రాణహిత నది ఇసుకలో దొరికింది. మెడ మీద సన్నటి సూది గుర్తు. భీముతో ఆరేళ్లు కలిసి పనిచేసిన ఏజెంట్ వినయ్‌కుమార్‌కి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. మనసు మొద్దుబారిపోయింది.

ఫోన్‌లో చీఫ్ బ్రీఫింగ్ నిమిషంలో ముగించాడు.

"విక్టర్ ముఠా కొంకణ్ సముద్రంలో గాలిమరలు పెడతానంటోంది. అసలు ప్లాన్, టవర్ల మీద మన నేవీ ఓడల్ని కనిపెట్టే రాడార్లు. ఆ సాక్ష్యం భీముతోనే పోయింది. పర్మిట్లన్నీ వచ్చేశాయి, ఒక్కటి తప్ప."

"దానికీ సిరోంచకీ ఏంటి సంబంధం సర్?"

"గాలిమరల కేబుల్ ఒడ్డెక్కే చోట అడవి నరుకుతారు. రూల్ ప్రకారం బదులుగా ఇంకోచోట అడవి పెంచాలి. సిరోంచ పక్కన రేగుంట ఊరి భూమి చూపించారు. గ్రామసభ ఒప్పుకున్నట్టు తీర్మానం కూడా పెట్టారు. ఈరోజు అయిదింటికి సిరోంచలో అధికారి సంతకం. కాగితంలోనే తప్పు పట్టుకో."

వినయ్ విత్తనాల ఏజెంట్ వేషం వేసి సిరోంచ బస్టాండులో నిలబడ్డాడు. నల్లకళ్లద్దాల అందగత్తె కారు దిగింది. శోభారాణి, విక్టర్ సెక్రటరీ. రెండు పక్షాలకూ పనిచేస్తుంది, ఏ పక్షమూ ఆమెను నమ్మదు.

"వరి విత్తనం ఉందా?"

"ఎర్ర సంచిలో ఉంది."

కోడ్ సరిపోయింది. తీర్మానం కాపీ సంచిలో పడేసి వెళ్లిపోయింది.

రేగుంటలో మల్లక్క అనే రైతు నారుమడి దున్నిస్తోంది. వినయ్ కాపీ చదివి వినిపించాడు. మే అయిదు, ఉదయం పదింటికి సభ, నూటపన్నెండు వేలిముద్రలు, మొదటిది ఆమెదే.

"ఏంది? మే అయిదా? గప్పుడు బీడీల తునికాకు తెంపుడు సారూ! తెల్లారకముందే అడివికి పోతే పొద్దు నెత్తిమీదికొచ్చినంకనే ఇల్లు. ఊర్ల కుక్కలు గూడ మా ఎంబడే వస్తయి. సభ ఎవ్వలతోని పెట్టిండ్రు?"

"ఆఫీసులో చెప్తావా అక్కా?"

"నడువు! మా ఆకు అడివికి కంచె ఏస్తమంటే ఊకుంటనా?"

నాలుగూ యాభై ఎనిమిది. మోటార్‌సైకిల్ దిగి ఇద్దరూ ఆఫీసులోకి దూసుకెళ్లారు. అధికారి పెన్ను కాగితాన్ని తాకబోతోంది.

"ఆగుండ్రి సారూ! గా ముద్ర నాది కాదు. ఆనాడు ఊరు ఊరంత ఆకు తెంపనీకి పోయింది!"

బల్ల పక్కన శోభారాణితో నిలబడ్డ విక్టర్ సిగరెట్ లైటర్ తీశాడు. దాని కొసన సూది మెరిసింది. శోభారాణి అతని మణికట్టు మెలిపెట్టింది. లైటర్ కిందపడింది. గుమ్మం దగ్గరి కానిస్టేబుల్ విక్టర్‌ని ఒడిసిపట్టుకున్నాడు.

మరాఠీ అధికారి తారీఖు మళ్లీ చూసుకున్నాడు. "తునికాకు సీజన్‌లో సభా? మూడేళ్లుగా ఇక్కడే ఉన్నాను. మే నెల పొద్దున పూట ఊళ్లో మనిషిని చూడలేదు." పెన్నుకి మూత పెట్టేశాడు.

"కావాలనే ఆ తారీఖు ఏసింది నేనే," అంది శోభారాణి మెల్లగా. "మాదీ ఈ దిక్కే, జిమల్‌గట్ట. చిన్నప్పుడు ఆకు తెంపిన చేతులే ఇవి. గీ సంగతి భీముకు చెప్పేలోపలనే..."

వినయ్ తలూపాడు.

బయట మల్లక్క అతని చెయ్యి పట్టుకుంది. "సారూ, గా సముద్రపోళ్ల కాయితం ఒక్క నెలలనే టేబుల్ మీదికొచ్చింది. మా అడివి పట్టాకు ఏడాదిన్నర నుంచి తిరుగుతున్నం. నువ్వు జర గట్టి మనిషి లెక్క ఉన్నవ్. గది గూడ చూడరాదు?"

వినయ్ మూడు దేశాల రహస్య ఫైళ్లు ఎత్తుకొచ్చిన మనిషి. అయినా, తహశీలు ఆఫీసులో ఒక ఫైలు కదిలించేంత శక్తి తన డిపార్ట్‌మెంటుకి లేదని అతనికి బాగా తెలుసు.