తొమ్మిదో వార్డు కౌన్సిలర్ ఎక్కడ?

గురువారం ఉదయం కొత్తమంద పోలీస్ స్టేషన్‌లో మిస్సింగ్ కంప్లైంట్ నమోదైంది. కనపడకుండా పోయిన మనిషి పేరు శకుంతలమ్మ. వయసు నలభై ఒకటి. కొత్తమంద నగర పంచాయతీ తొమ్మిదో వార్డు కౌన్సిలర్. బుధవారం తెల్లవారుజామున పాలు తేవడానికి వెళ్లి తిరిగి రాలేదు.

కంప్లైంట్ ఇచ్చింది ఆమె భర్త మోహన్. వెంట పదిహేను మంది వచ్చారు.

"కిడ్నాప్ సార్" అన్నాడు మోహన్. "బాలసుబ్రమణ్యం మనుషులే ఎత్తుకోపోయినారు. శనివారం మీటింగ్ ఉండాది. ఆ యమ్మ ఓటు లేకుండా చెయ్యాలని."

ఎస్సై యోగానంద పెన్ను కింద పెట్టాడు.

"ఏం ఓటు?"

మోహన్ చెప్పాడు. కొత్తమంద చెత్త వేసే పాత యార్డు నిండిపోయింది. అది చైర్మన్ మునిరామయ్య వార్డు పక్కనే ఉంది. కొత్త యార్డు ఎక్కడ అన్నది శనివారం కౌన్సిల్ తేల్చాలి. ఇరవై ఒక్క మంది సభ్యుల్లో పది మంది చైర్మన్ వైపు. పది మంది ప్రతిపక్ష కౌన్సిలర్ బాలసుబ్రమణ్యం వైపు. మిగిలింది శకుంతలమ్మ.

"ఆమె ఎవరి వైపు?"

"చైర్మన్ వైపే సార్. నేను మాట ఇచ్చినాను."

"నేను అడిగింది ఆమె సంగతి."

"అదే సార్ చెప్తా ఉండాను. మాట ఇచ్చేసినాను."

యోగానంద ఆమె సెల్ నంబర్ అడిగాడు. మోహన్ చెప్పాడు. యోగానంద ఆ నంబర్‌ను చిత్తూరు సైబర్ సెల్‌కు పంపాడు. గంట తర్వాత జవాబు వచ్చింది. ఆ ఫోన్ ఆన్‌లోనే ఉంది. లొకేషన్ కొత్తమంద పోలీస్ స్టేషన్.

యోగానంద ఆ నంబర్‌కు ఫోన్ చేశాడు. మోహన్ చొక్కా జేబులో ఫోన్ మోగింది.

"ఇది ఆమె నంబర్ అన్నావే?"

"ఆ యమ్మ పేరు మీదనే ఉండాది సార్. కౌన్సిలర్ నంబర్ గదా. పనుల మీద ఫోన్లు వస్తాయి. అందుకని నా దగ్గరే ఉంటాది."

"మరి ఆమె దగ్గర ఏ ఫోన్ ఉంది?"

మోహన్ ఆలోచించాడు. "ఆ యమ్మకు ఫోన్ ఎందుకు సార్?"

ఫొటో అడిగితే ఎలక్షన్ ఫ్లెక్సీ ఫొటో పంపాడు. అందులో మోహన్ నిలువెత్తున చేతులు జోడించి ఉన్నాడు. శకుంతలమ్మ మూలన ఒక గుండ్రటి గీత లోపల ఉంది. హెడ్ కానిస్టేబుల్ చిన్నబ్బ ఆ గుండ్రాన్ని కత్తిరించి పెద్దది చేశాడు. ముఖం మసక మసకగా వచ్చింది.

"ఈ ఫొటోతో మా ఆవిడను కూడా పట్టలేను సార్" అన్నాడు చిన్నబ్బ.

*

బాలసుబ్రమణ్యం ఎరువుల అంగడి నడుపుతాడు. ఎస్సైని చూసి లేచి నిలబడలేదు.

"మేము ఎత్తుకోపోయినామా? ఎవరు చెప్పినాడు, ఆ మోహనేనా? వాడే దాచిపెట్టి బేరం ఆడతా ఉండాడు. సూడండి సార్, నేను సొంత కారులో మనుషుల్ని పంపి వెతికిస్తా ఉండాను. ఏలగిరి, వేలూరు, కాణిపాకం లాడ్జీలన్నీ సూసినారు."

"మీ మనుషులు ఆమెను చూస్తే గుర్తుపడతారా?"

"ఎందుకు పట్టరు?"

"మీరు గుర్తుపడతారా?"

బాలసుబ్రమణ్యం యూరియా బస్తా మీద చెయ్యి వేశాడు. "ఎత్తుగా ఉంటాది... లేదు, ఎత్తు వాళ్ల చెల్లెలు. మోహన్‌ను అడగండి సార్."

చైర్మన్ మునిరామయ్య అదే మాట చెప్పాడు. మూడేళ్లుగా ఆయన నడిపిన ప్రతి మీటింగ్‌లో తొమ్మిదో వార్డు కుర్చీలో మోహన్ కూర్చున్నాడు. మోహన్ మాట్లాడాడు. మోహన్ కాగితాలను సంతకానికి ఇంటికి తీసుకుపోయి తెచ్చాడు.

"ఈసారి కూడా అట్లే చేసుకోవచ్చు గదా?" అన్నాడు యోగానంద.

"కుదరదప్పా. ఎవరో కలెక్టర్‌కు పిటిషన్ పెట్టినారు. మెంబర్లే రావాలంట. మీటింగ్ అంతా వీడియో తియ్యాలంట. భర్తలు గడప దాటకూడదంట." మునిరామయ్య ఈ నిబంధనను జ్వరం గురించి చెప్పినట్టు చెప్పాడు. "అందుకే బుధవారం మా మెంబర్లందరినీ క్యాంపుకు పంపినాను. ఆ యమ్మ కోసరం కారు ఆరుకే పోయింది. అప్పటికే లేదు."

కౌన్సిల్‌లో మహిళా సభ్యులు పదకొండు మంది. శకుంతలమ్మ తప్ప మిగిలిన పది మందికీ యోగానంద ఫోన్ చేశాడు. పది మంది మగవాళ్లు ఎత్తారు.

చిన్నబ్బ తొమ్మిదో వార్డులో ఇల్లిల్లూ తిరిగి వచ్చాడు. వార్డు చివరన ఒక బోరు ఉంది. వార్డు మొత్తం ఆ నీళ్లే తాగుతుంది. బోరు దగ్గర బిందె నింపుకుంటున్న సిద్ధమ్మ అనే ముసలామెను అడిగాడట.

"ఏమనింది?"

"కౌన్సిలర్ కనపడలేదా, ఇప్పుడే గదప్పా బండి మీద పోయినాడు అనింది సార్."

సాయంత్రానికి డీఎస్పీ మూడుసార్లు ఫోన్ చేశాడు. చైర్మన్ వర్గం స్టేషన్ ముందు ధర్నా చేసింది. అది అయిపోగానే బాలసుబ్రమణ్యం వర్గం అదే షామియానా కింద అదే మైకుతో ధర్నా చేసింది. రెండు వర్గాలూ శకుంతలమ్మకు న్యాయం కావాలన్నాయి.

*

శుక్రవారం ఉదయం యోగానంద నగర పంచాయతీ ఆఫీసుకు వెళ్లాడు. శనివారం మీటింగ్ అజెండా చూడాలన్నాడు.

కమిషనర్ ఇవ్వలేదు. అజెండా సభ్యులకు తప్ప ఎవరికీ ఇవ్వకూడదన్నాడు. యోగానంద ఇది కిడ్నాప్ కేసన్నాడు. కమిషనర్ లెటర్ పెట్టమన్నాడు. యోగానంద లెటర్ రాశాడు. కమిషనర్ దాని మీద ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకు రమ్మన్నాడు. ఇన్‌వార్డ్ వేసే గుమాస్తా టిఫిన్‌కు వెళ్లాడు. యోగానంద నిలబడ్డాడు.

గుమాస్తా సునీల్‌కుమార్ వచ్చేసరికి నలభై నిమిషాలు గడిచాయి. నంబర్ వేస్తూ గొణిగాడు.

"అందరికీ అజెండానే కావాల. ఈ ఊర్లో వేరే పని లేదు."

"ఇంకెవరికి కావాలి?"

"ఎవరో ఒకామె సార్. తొమ్మిదో వార్డు. బుధవారం నుంచి నా ప్రాణం తీస్తా ఉండాది. పద్నాలుగో అంశంలో ఉండే సర్వే నంబర్ స్కెచ్ కావాలంట. ఆ నేల బోరుకు ఎగువనా దిగువనా సూడాలంట. పబ్లిక్‌కు ఇచ్చేది లేదమ్మా, కావాలంటే పోయి మీ కౌన్సిలర్‌ను పిలుచుకోని రా అన్నాను."

"దానికేమంది?"

"నవ్వింది సార్. ఏంటికి నవ్విందో ఏమో."

యోగానందకు అజెండా దొరికింది. పద్నాలుగో అంశం ఒక వాక్యం. ఫలానా సర్వే నంబర్‌లోని రెండెకరాలను పట్టణ అవసరాలకు వినియోగించుట గురించి. చెత్త అన్న మాట లేదు. యార్డు అన్న మాట లేదు. యార్డుకు చూసిన నేల తొమ్మిదో వార్డులోదే అయినా ఆ వార్డు అన్న మాట లేదు.

చదివి తిరిగి ఇచ్చేశాడు. జీపు ఎక్కాడు. కాణిపాకం రోడ్డులో ఇంకో లాడ్జీ గురించి సమాచారం వచ్చింది. వెళ్లాడు. అక్కడ దొరికినవాళ్లు మోహన్ మనుషులు. వాళ్ల కంటే ముందు బాలసుబ్రమణ్యం మనుషులు వచ్చి పోయారు. లాడ్జీ మేనేజర్ చేతులు జోడించాడు.

"ఎవరు సార్ ఆ యమ్మ? ఇంత మంది వెతుకుతా ఉండారు, ఒక్కరూ గుర్తులు చెప్పరు."

యోగానంద జీపు తిప్పమన్నాడు.

"యాడికి సార్?" అన్నాడు చిన్నబ్బ.

"మళ్లీ నగర పంచాయతీకే."

ఆఫీసు వరండాలో జనన మరణ ధ్రువపత్రాల కౌంటర్ ఉంది. కౌంటర్ ముందు బెంచీ. యోగానంద ఆ బెంచీ మీద కాసేపు కూర్చున్నాడు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడాడు. జీపులో ఉన్న చిన్నబ్బకు మాటలు వినిపించలేదు.

తిరిగి వచ్చి, లాడ్జీలు వెతికే పని ఆపేయమన్నాడు.

"డీఎస్పీ గారికి ఏం చెప్పాల సార్?"

"రేపు పదిన్నరకు కౌన్సిల్ హాల్లో చెప్తానని చెప్పు."

*

శనివారం పదిన్నరకు ఇరవై మంది సభ్యులు హాల్లో ఉన్నారు. సగం మంది ఏలగిరి నుంచి వ్యాన్‌లో వచ్చారు. సగం మంది తిరుపతి నుంచి వచ్చారు. వీడియో తీసే మనిషి స్టాండు బిగిస్తున్నాడు. యోగానంద మోహన్‌ను లోపలికి పిలిచాడు. కమిషనర్ అభ్యంతరం చెప్పాడు. మీటింగ్ ఇంకా మొదలు కాలేదన్నాడు యోగానంద.

"దొరికిందా సార్?" అన్నాడు మోహన్.

"దొరికింది."

"యాడ దాచినారు?" మోహన్ బాలసుబ్రమణ్యం వైపు తిరిగాడు. "యాడ దాచినావురా?"

"నోరు అదుపులో పెట్టుకోప్పా" అన్నాడు బాలసుబ్రమణ్యం. "నీ ఇంట్లో మనిషి సంగతి నీకే తెలీదు, నన్ను అడుగుతావా?"

యోగానంద చెయ్యి ఎత్తాడు.

"ఎవరూ దాచలేదు. బుధవారం ఆరుకు క్యాంపు కారు వస్తుందని ఆమెకు తెలుసు. ఎక్కితే శనివారం దాకా చైర్మన్ గారి మనుషుల మధ్య ఉండాలి. అందుకని ముందే బయటపడింది. రాత్రిళ్లు తన వార్డులోనే ఒక ఇంట్లో పడుకుంది. పగలు ఈ ఆఫీసుకు వచ్చింది."

"ఏ ఆఫీసుకు?" అన్నాడు మునిరామయ్య.

"ఇదే ఆఫీసుకు. మూడు రోజులు వరండాలో బెంచీ మీద కూర్చుంది. మీరు నిన్న నాలుగుసార్లు ఆమె ముందు నుంచి నడిచారు."

యోగానంద గుమాస్తా వైపు తిరిగాడు.

"సునీల్‌కుమార్, స్కెచ్ అడిగిన ఆమె ఏ అంశం గురించి అడిగింది?"

"పద్నాలుగో అంశం సార్."

"ఆ అంశంలో యార్డు అని లేదు. చెత్త అని లేదు. ఒక సర్వే నంబర్ ఉంది, అంతే. అజెండా కాపీ చూడడానికి నాకు ఒక పూట పట్టింది. అది సభ్యుల ఇళ్లకు తప్ప పోదు. వార్డులో బిందెలు పట్టే మనిషికి పద్నాలుగో అంశం అని ఎట్లా తెలుస్తుంది? ఆ కాపీ ఆమె ఇంట్లో ఉండాలి. తొమ్మిదో వార్డులో ఆ కాపీ పోయిన ఇల్లు ఒక్కటే."

సునీల్‌కుమార్ కుర్చీలో కూర్చున్నాడు. "ఆ యమ్మా? నేను పోయి కౌన్సిలర్‌ను తెమ్మన్నానే..."

"నిన్న పొద్దున నువ్వు ఆ మాట చెప్పినప్పుడే నాకు తెలియాల్సింది. నేనూ లాడ్జీలకు పోయాను." యోగానంద టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "కంప్లైంట్ క్లోజ్ చేస్తున్నాను. ఆమె మేజర్. తన ఇష్టంతో వెళ్లింది. మీటింగ్‌కు వచ్చింది."

తలుపు దగ్గర అటెండర్ గొంతు వినిపించింది.

"యమ్మా, యమ్మా, పబ్లిక్ లోపలికి పోకూడదు."

"నేను మెంబర్‌నప్పా" అంది ఒక గొంతు.

శకుంతలమ్మ లోపలికి వచ్చింది. పొట్టి మనిషి. నీలం చీర. మోహన్ రెండడుగులు ముందుకు వేశాడు.

"ఏంది ఈ పని? మూడు దినాలు ఊరంతా నవ్వుతా ఉండాది. ఇంటికి పద."

"వస్తాను. మీటింగ్ కానీ. నువ్వు బయటికి పో, వీడియో తీస్తా ఉండారు."

"నేను చైర్మన్‌కు మాట ఇచ్చినాను."

"మాట ఇచ్చింది నువ్వు గదా, ఓటుకు నీ చెయ్యే ఎత్తుకో."

వెనక వరసలో ఒక మహిళా సభ్యురాలు నవ్వు ఆపుకోలేకపోయింది. మోహన్ అటు చూశాడు, ఇటు చూశాడు. అటెండర్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. మోహన్ బయటికి వెళ్లాడు.

బాలసుబ్రమణ్యం కుర్చీ జరిపాడు. "రామ్మా, రా. మా పక్క కూర్చో."

"నేను మీ పక్కన లేనన్నా. నీ అంగడి పక్కన కాలవలో నువ్వు పోసేది కూడా నాకు తెలుసు. దాని గురించి వచ్చే మీటింగ్‌లో అడుగుతాను."

ఆమె తొమ్మిదో నంబర్ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

*

పదకొండుకు మీటింగ్ మొదలైంది. యోగానంద వెళ్లిపోవచ్చు. తలుపు దగ్గర నిలబడ్డాడు.

మొదటి పదమూడు అంశాలు వీధి దీపాలు, ఒక కల్వర్టు, రెండు ట్రాక్టర్ల రిపేరు. పద్నాలుగో అంశం వచ్చేసరికి మునిరామయ్య కాగితాలు సర్దాడు.

"ఈ అంశం వాయిదా వేస్తున్నాము. వచ్చే మీటింగ్‌కు."

"ఎందుకు?" అంది శకుంతలమ్మ.

"సమగ్రంగా చర్చించాల గదమ్మా."

"వాయిదా ఏసి మళ్లా కారు పంపిస్తారా? ఆ నేల మా బోరుకు ఎగువన ఉండాది. నేను నడిచి సూసినాను. వానొస్తే ఆ నేల నీళ్లన్నీ బోరు గుంతలోకే వస్తాయి. స్కెచ్ అడిగితే ఇయ్యలేదు. చర్చించేదానికి ఇంకేముండాది? చేతులు ఎత్తమనండి."

మునిరామయ్య కమిషనర్ వైపు చూశాడు. కమిషనర్ వీడియో వైపు చూశాడు.

"మెంబర్ ఓటింగ్ అడిగారు సార్" అన్నాడు కమిషనర్, నేల వైపు చూస్తూ.

అనుకూలం అన్నారు. పది చేతులు లేచాయి. సునీల్‌కుమార్ లెక్కపెట్టాడు.

వ్యతిరేకం అన్నారు. బాలసుబ్రమణ్యం వైపు పది చేతులు లేచాయి. శకుంతలమ్మ చెయ్యి ఎత్తింది. సునీల్‌కుమార్ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"పదకొండు సార్."

"సరే, తీర్మానం వీగిపోయింది" అన్నాడు మునిరామయ్య. "దించండి. టీ చెప్పండప్పా."

చేతులు దిగాయి. కుర్చీలు జరిగాయి. కొందరు లేచారు. శకుంతలమ్మ చెయ్యి దించలేదు.

"దించండమ్మా" అన్నాడు సునీల్‌కుమార్. "అయిపోయింది."

"రాసినావా?"

"టీ తాగినాక రాస్తానమ్మా."

"రాయప్పా. రాసినంక దించుతాను."

లేచినవాళ్లు నిలబడిపోయారు. వీడియో తిరుగుతూనే ఉంది. సునీల్‌కుమార్ చైర్మన్ వైపు చూశాడు. చైర్మన్ వీడియో వైపు చూశాడు. సునీల్‌కుమార్ జేబులోంచి పెన్ను తీశాడు.