సున్నా దగ్గర నిలవని గీత

"ఈ డాక్టరు చెయ్యే తేడా. వేరే మనిషిని చూసుకో!" అన్నాడు ఇంజినీరు ల్యాబులో తోటి ఉద్యోగినితో, తెర వంక వేలు చూపిస్తూ.

గుండె గీత సున్నా దగ్గర నిలవకుండా పైపైకి ఎగబాకుతోంది. గుండె సంకేతాన్ని పెద్దది చేసి చూపే ఆ యాంప్లిఫయర్ సర్క్యూట్ తయారుచేసింది అతనే. మనుషుల మీద పరీక్షించేది ఆమె. వారం నుంచి పరీక్షకి కూర్చుంటున్నది కొత్తగా చేరిన డాక్టరు. రోజూ పొద్దున్నే కుర్చీలో చేరగిలబడి జోకులేస్తాడు. ఆమె నవ్వుతూ అతని చేతులు పట్టుకుని రెండు మణికట్లకీ క్లిప్పులు పెడుతుంది. అద్దాల గోడ అవతల ఇంజినీరుకి కాఫీ చేదెక్కుతుంది.

డాక్టరు వెళ్లగానే ఆమె రెండు క్లిప్పులూ ఒకదానికొకటి తగిలించింది.

"ఇప్పుడు లోపలికెళ్లేది సున్నా. మనిషే లేడు. చూడు."

గీత మళ్లీ పైకే పాకింది.

"ఆయన చెయ్యి ఇక్కడే వదిలేసి వెళ్లాడంటావా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఆఫ్‌సెట్... సున్నాని పక్కకి జరిపే తప్పు, నా సర్క్యూట్‌దే."

"తెలిసే ఆయన మీదకి నెట్టావు. ఎందుకు?"

"నువ్వు నవ్వుతున్నావని."

నోరు జారింది. ఆమె క్లిప్పులు విడదీసి బల్ల మీద పెట్టింది.

"సాయంత్రంలోగా సరిచెయ్. లేదంటే రిపోర్టులో ఉన్నదున్నట్టు రాస్తాను."

అతను లంచ్ మానేసి కూర్చున్నాడు. ఇన్‌పుట్ తీగల్ని సెకనుకు వేలసార్లు తారుమారు చేసే స్విచ్‌లు పెట్టాడు. తీగలు మారిస్తే గుండె సంకేతం తిరగబడుతుంది, సర్క్యూట్ తప్పు మాత్రం మొండిగా అలాగే ఉంటుంది. అలా విడిగా దొరికిపోయిన తప్పుని వడకట్టేశాడు.

"డాక్టరుగారిని పిలవనా?" అందామె సాయంత్రం.

"అక్కర్లేదు! నా చెయ్యి లేదూ?"

ఆమె అతని మణికట్లు పట్టుకుని క్లిప్పులు పెట్టింది. గీత సున్నా మీద బుద్ధిగా నిలిచింది. పక్కనే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూపే అంకె మాత్రం నూట పద్దెనిమిది!

"ఇంత వేగమా?"

"ఇంకా... ఏదో తప్పుంది," గొణిగాడతను.

ఆమె క్లిప్పులు తీసి తనకే పెట్టుకుంది. నూట పద్నాలుగు.

"చెప్పానా! సర్క్యూట్‌లోనే..."

సరిగ్గా అప్పుడే మరిచిపోయిన గొడుగు కోసం డాక్టరు వచ్చాడు. ఆమె తన క్లిప్పులు తీసి డాక్టరుకి తగిలించింది. డెబ్బై రెండు.

డాక్టరు మూడు అంకెలూ చూశాడు. తర్వాత ఇద్దరి మొహాలూ చూశాడు.

"సర్క్యూట్ భేషుగ్గా ఉందయ్యా. జబ్బు మీ ఇద్దరిదీ. పెళ్లికి ముందు మా ఆవిడకీ నాకూ ఇదే వచ్చింది." గొడుగు ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె తల వంచుకుని రిపోర్టు తెరిచింది.

"ఏం రాయను?"

ఇంజినీరు తన కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.

"ఉన్నదున్నట్టు."